డబ్బారాణికి ఆయుధ పూజ

తిమ్మరాయప్ప మాట వినని యంత్రాన్ని ఫ్యాక్టరీల పేట పీణ్యలో ఎవరూ చూడలేదు. అక్కడి లేత్ షాపులో జీవితమంతా మేస్త్రీగా చేసినవాడు. మొరాయించిన మోటారు దగ్గరికి వచ్చి ఒక్క కేక వేస్తే సగం రిపేరు అయిపోయినట్టేనని షాపులో చెప్పుకునేవాళ్ళు. మిగతా సగం స్పానరు చూసుకునేది. అంతటి మనిషి రిటైరై, డెబ్బయ్యో పడిలో పడ్డాక, దాసరహళ్ళిలో సొంత ఇంట్లో, సొంత టేబుల్ మీద ఉన్న ఒక డబ్బా ముందు రోజూ చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

ఆ డబ్బాను తెచ్చింది కూతురు చైత్ర. చందాపురలో కాపురం, కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం. చదువు ఎవరి పోలికో తెలియదు గానీ మొండితనం మాత్రం అచ్చం తండ్రిదే.

డబ్బా రైస్ కుక్కరంత ఉంటుంది. పైన ఒక కన్ను, కింద ఒక నోరు. వారానికి సరిపడా మాత్రలు దాని కడుపులో పోస్తే వేళకు పిలుస్తుంది. ముందుకొచ్చిన ముఖాన్ని కంటితో చూసి, మనిషి ఆయనేనని నమ్మకం కుదిరాక మాత్రల్ని గిన్నెలోకి రాలుస్తుంది. మూడుసార్లు పిలిచినా మనిషి రాకపోతే చైత్ర ఫోనుకు చాడీ చెబుతుంది. అప్పటికీ ఎవరూ పలక్కపోతే పక్కింటి కమలమ్మకూ, కారున్న మనిషి కదా అని లేత్ షాపు యజమాని గిరిధర్‌కూ కబురు పంపుతుంది.

మొదటిరోజు అది నోరు విప్పగానే తిమ్మరాయప్ప ఉలిక్కిపడ్డాడు.

"గౌరవనీయులైన తిమ్మరాయప్ప గారూ, మీ ఔషధ సేవన సమయం ఆసన్నమైనది. దయచేసి నా ఎదుటకు విచ్చేయండి."

"ఎవురే ఈయమ్మ? రేడియోలో వార్తలు చదివేదా?"

"నాయనా, నీకు ఈజీగా ఉంటాదని తెలుగు సెట్ చేసినా," అంది చైత్ర.

"ఇది తెలుగా? మన వంశంలో ఎవురన్నా ఎప్పుడన్నా ఇట్ల మాట్లాడినారా?"

భార్య పిల్లమ్మకు మాత్రం ఆ గొంతు తెగ నచ్చేసింది. "ఎంత మర్యాదగా పిలుస్తా ఉండాది చూడు! నాకు పెండ్లయ్యి ఇన్నేండ్లాయె, నువ్వు ఒక్క తూరన్నా 'గౌరవనీయులైన పిల్లమ్మ గారూ' అంటివా?"

"అట్ల పిలిస్తే నువ్వు పలుకుతావా? ఇంకెవుర్నో అనుకుంటావు."

దానికి డబ్బారాణి అని పేరు పెట్టింది కూడా పిల్లమ్మే.

ఇంతకీ ఈ రాణిగారు ఇంట్లో కాలుపెట్టడానికి కారణం నీళ్ళ మాత్ర. బీపీకని డాక్టరు రాసిచ్చిన మాత్రల్లో అదొకటి. ఒంట్లో చేరిన నీళ్ళన్నిటినీ బయటికి తోలేస్తుంది. అది వేసుకున్న పూట తిమ్మరాయప్ప బాత్రూము కనిపించే దూరం దాటి పోలేడు. టీ అంగడికి బయలుదేరితే వీధి మలుపులోనే వెనక్కి తిరగాల్సి వచ్చేది. అందుకని కొన్నాళ్ళు ఆ మాత్రను దవడలో దాచి, పిల్లమ్మ అటు తిరగ్గానే కిటికీలోంచి విసిరేశాడు. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టకుండా పోయాక, ఆయాసంతో ఆసుపత్రిలో మంచం ఎక్కాక, కిటికీ కింద రాలిన మాత్రలు పిల్లమ్మ కంటపడ్డాయి.

చైత్ర ఏడ్చింది, అరిచింది, ఆఖరికి తీర్పు చెప్పింది. "నాయనా, ఇంకొక్క పూట తప్పినా నీ స్కూటర్ అమ్మేస్తా. బీపీ పెట్టుకొని రోడ్డు మీద పడతావా?"

స్కూటరు తాళం పిల్లమ్మ బొడ్లోకి చేరింది. తిమ్మరాయప్పకు ఆ స్కూటరు ఉంటే పీణ్య పక్క వీధిలాంటిది. అది పోతే ఆయన ప్రపంచం టేబులుకూ బాత్రూముకూ మధ్య ఎంత జాగా ఉందో అంతే.

అందుకే, ఆ కన్ను దవడలోకి కూడా చూస్తుందేమోనని భయపడి, దసరా దాకా బుద్ధిగా మింగాడు. రోజూ ముఖం చూపించాడు. "మీ సహకారమునకు ధన్యవాదములు" అని డబ్బారాణి అంటే పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు. దసరా దగ్గరికొచ్చాక గిరిధర్ ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, ఈసారి ఆయుధ పూజకి మీరు శ్రమ తీసుకోవద్దు. ఒంట్లో బాగాలేదంట కదా. గుమ్మడికాయ మన కొత్త సూపర్‌వైజర్ కొడతాడులెండి."

ఆ మాటకు తిమ్మరాయప్పకు అన్నం సయించలేదు. షాపు పెట్టిన నాటి నుంచి ఆయుధ పూజ నాడు గడపలో బూడిద గుమ్మడికాయ కొట్టింది ఆయన చెయ్యే. రిటైరయినా ఆ ఒక్క పని మాత్రం ఆయనదే. ఒకసారి చెయ్యి మారిందంటే గుమ్మడికాయ మళ్ళీ తన దగ్గరికి రాదని ఆయనకు తెలుసు. ఆ తర్వాత షాపుకు పోతే కుర్చీ వేసి, టీ ఇచ్చి, 'జాగ్రత్తగా పోయి రా పెద్దాయనా' అంటారు. ఆ మాట వినడం కన్నా మోటారు బెల్టులో చెయ్యి పెట్టుకోవడం మేలనిపించింది.

పోవాలి. తన బండి మీద, తనే నడుపుకుంటూ పోవాలి. పూజ పొడుగునా కదలకుండా నిలబడాలి కాబట్టి ఆ పూట నీళ్ళ మాత్ర కడుపులో పడకూడదు. పడలేదని డబ్బారాణి చైత్రకు చెప్పకూడదు. ఇన్ని 'కూడదు'లకూ కలిపి ఒక ఉపాయం ఆయన బుర్రలో మెరిసింది. తన తెలివికి తనే మురిసిపోయి మీసం దువ్వుకున్నాడు.

"ఏమే, రేపు ఆయుధ పూజ కదా. ఇంట్లో ఉండే యంత్రాలన్నిటికీ పూజ చెయ్యాల," అన్నాడు పిల్లమ్మతో.

"పోయిన సంవత్సరం మిక్సీకి కుంకం పెట్టమంటే 'సుమ్నే ఉండు, ఊరికే గోల చెయ్యొద్దు' అంటివి. ఈ తూరి యాడనుంచి వచ్చె ఇంత భక్తి?"

"వయసయితా ఉండాది. భక్తి రాకుండా ఇంకేమొస్తాది?"

"వస్తే రానీ. రాకరాక వచ్చినదాన్ని నేనెందుకు వద్దనల్ల?"

"డబ్బారాణికే మొదటి పూజ. నా పానం కాపాడతా ఉండాది కదా అది." ఈ అబద్ధం చెప్పేటప్పుడు ఆయన నాలుక తడబడనైనా లేదు. "ఇంకోటి. పూజయిన యంత్రానికి ఆ పొద్దు రజా. రేపు పీణ్యలో ఒక్క మోటారన్నా పని చేస్తాదా? దీన్నొక్కదాన్నీ పని చేయిస్తే పాపం మనకే."

"అట్లయితే మిక్సీకీ రజానే. వడలకు పిండి నువ్వు రుబ్బుతావా?"

తిమ్మరాయప్ప ఒక్క క్షణం ఆలోచించాడు. "మిక్సీకి మధ్యాహ్నం నుంచి రజా."

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టి, డబ్బారాణి ముందు కూర్చున్నాడు. ప్లగ్గు పీకేశాడు. మెయిను లాగితే చావని యంత్రం పీణ్యలో లేదు కనుక ఇక్కడా ఉండదనుకున్నాడు. గంధం గిన్నె తీసుకుని రాణిగారి కన్ను మీద దట్టంగా మెత్తాడు. గంధం మీద అర్ధరూపాయంత కుంకుమ బొట్టు దిద్దాడు. సేవంతి దండ వేశాడు. నాలుగు ఊదొత్తులు గుచ్చాడు. ఈ అలంకారంలో డబ్బారాణి అమ్మవారిలా వెలిగిపోయింది గానీ కన్ను మాత్రం కనిపించకుండా పోయింది.

"కంటిమీదే పెట్టల్లనా అంత గంధం?" అంది పిల్లమ్మ.

"నుదురు యాడుండాదో తెలీలేదే."

తర్వాత బండి వంతు. స్కూటరుకు విభూతి పట్టీలు పెట్టి, హ్యాండిలుకు దండ కట్టి, రెండు చక్రాల కిందా నిమ్మకాయలు ఉంచి, అమాయకంగా చెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యి. నిమ్మకాయలు తొక్కించల్ల కదా."

పిల్లమ్మ బొడ్లోంచి తాళం తీసింది. తీసి కూడా పట్టుకునే ఉంది. "తొక్కించి తిరుక్కోని రావల్ల. వీధి మొగ దాకా, అంతే."

"ఇంకెంత దూరం పోతానే ఈ వయసులో?"

బండి నిమ్మకాయలు దాటింది. వీధి మొగ దాటింది. అదే ఊపున దాసరహళ్ళి కూడా దాటేసింది. ముఖాన గాలి కొడుతుంటే తిమ్మరాయప్పకు నలభయ్యేళ్ళు రాలిపోయినట్టనిపించింది. ఎవరూ గౌరవనీయులైన అనడం లేదు. ఎవరూ మాత్ర రాల్చడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్కనున్న ఆటోవాడికి కారణం లేకుండానే నవ్వి నమస్కారం పెట్టాడు.

షాపంతా అరటి పిలకలూ, రంగు కాయితాలూ. లేత్‌లన్నీ కుంకుమ బొట్లతో కళకళలాడుతున్నాయి. తిమ్మరాయప్ప పంచె ఎగ్గట్టి దిగేసరికి గిరిధర్ నోరు తెరిచాడు.

"మేస్త్రీ! మీరా?"

"గుమ్మడికాయ యాడుండాది?" అన్నాడు తిమ్మరాయప్ప. సూపర్‌వైజరు మారు మాట్లాడకుండా కాయ తెచ్చి చేతుల్లో పెట్టాడు.

పూజ అయింది, హారతి అయింది. కాయకు కుంకుమ పూసి పైన కర్పూరం వెలిగించారు. పనివాళ్ళంతా దారి వదిలి నిలబడ్డారు. తిమ్మరాయప్ప కాయను తలకెత్తాడు. సరిగ్గా అప్పుడు గిరిధర్ జేబులో ఫోను టింగుమంది. దాన్ని చదివి ఆయన ముఖం ముడిచాడు. ఆ వెంటనే ఫోను మోగింది. ఎత్తి విన్నాడు. వింటూ తిమ్మరాయప్పను ఎగాదిగా చూశాడు.

"మేస్త్రీ... ఒక్క నిమిషం ఆగండి. ఎవరో పోయినారంట."

"ఎవురప్పా?"

"మీరే."

కర్పూరం వెలుగుతూనే ఉంది. తిమ్మరాయప్ప కాయ దించలేదు. "నేనా? ఎప్పుడు?"

గిరిధర్ స్పీకర్ ఆన్ చేశాడు. పక్కింటి కమలమ్మ గొంతు షాపంతా మోగింది. "అయ్యో గిరిధరప్పా! నా ఫోనుకి ఏందో మెసేజ్ వస్తే కిటికీలోంచి చూస్తిని! లోపల దండేసినారప్పా! ఊదొత్తుల పొగ! ఎవురో చదువుకున్న ఆయమ్మ 'తిమ్మరాయప్ప గారు స్పందించుట లేదు, స్పందించుట లేదు' అని ఒగటే చెప్తా ఉండాది! బంగారట్ల మనిషప్పా తిమ్మరాయన్న!"

"కమలమ్మా, నేను పోలేదు!" అని కేకేశాడు తిమ్మరాయప్ప.

అవతల కమలమ్మ ఏడుపు ఆపింది. "ఎవురప్పా అది? అచ్చం అన్న మాదిరే మాట్లాడతా ఉండాడు!" అని మళ్ళీ ఏడుపు అందుకుంది.

"ఎవురేమన్నా సరే, ఈ గుమ్మడికాయ కొట్టేదాకా నేను పోయేది లేదు!" అన్నాడు తిమ్మరాయప్ప షాపు దద్దరిల్లేలా. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈలోగా కర్పూరం ఆరిపోతే, కొత్తది కొనుక్కొచ్చేసరికి గేటు ముందు ఒక ఆటో వచ్చి ఆగింది.

ఆటోలోంచి ముందు సేవంతి దండ దిగింది. దండ వెనక డబ్బారాణి. దాన్ని చంకనేసుకుని పిల్లమ్మ.

"యాడికి పోతివి?" అంది. కేకేం వేయలేదు. కేకేసి ఉంటే తిమ్మరాయప్పకు కాస్త ధైర్యంగా ఉండేది.

"నిమ్మకాయలు..."

"ఆ నిమ్మకాయలు తొక్కే మొగునికోసరం వీధి మొగలో నిలబడి నిలబడి నా కాళ్ళు పడిపాయె. ఇంటికి తిరుక్కుంటే వాకిట్లో జనం. ఎవురో పూలమాల కూడా పట్టుకోని ఉండారు. ప్లగ్గు పీకితే ఇది సస్తాదనుకుంటివా? దీని కడుపులో బ్యాటరీ ఉండాది. కండ్లు మూసేస్తే మనిషి కనపడలేదని ఊరంతా చాటె." ఆమె డబ్బాను ఇంకో చంకకు మార్చుకుంది. "ఆ జనాన్ని చూసి ఒక్క గడియ నేనూ అనుకుంటినయ్యా. నువ్వు పోయినావనే అనుకుంటిని."

తిమ్మరాయప్పకు సిగ్గేసింది. ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అయినా ఇన్నాళ్ళ ఉక్రోషం ఆయన్ని ఊరుకోనివ్వలేదు.

"నేనేం తప్పు చేస్తిని? ఇన్నేండ్లు యంత్రాల్ని నేను తిప్పినా. ఇప్పుడు యంత్రం నన్ను తిప్పుతా ఉండాది. నా కూతురికి నా మీదే చాడీలు చెప్తా ఉండాది. నేనేమన్నా దొంగనా? ఈ పొద్దు మాత్ర వేసుకునేది లేదు. పూజయిన యంత్రానికి రజా!"

"రజానే. నేను కాదంటినా?" అంది పిల్లమ్మ. డబ్బారాణిని తెచ్చి పెద్ద లేత్ పక్కన, దేవుడి పటం ముందు పెట్టింది. "గిరిధరప్పా, ఈ షాపులో పూజయ్యినాక ఏం చేస్తారు?"

గిరిధర్ ఉత్సాహంగా చెప్పాడు. "ప్రతి మెషీన్నీ మేస్త్రీ చేత్తో ఒక్కసారి తిప్పించి ఆపేస్తామమ్మా. ఆ తిప్పులో వచ్చిన మొదటి ముక్క ప్రసాదం. కళ్ళకద్దుకుని తీసుకోవాలి. వద్దంటే ఏడాదంతా షాపుకి మంచిది కాదని మేస్త్రీయే రూల్ పెట్టినారు."

"ఇదీ యంత్రమే. పూజ నువ్వే చేస్తివి. తిప్పు," అంది పిల్లమ్మ.

తిమ్మరాయప్ప చుట్టూ చూశాడు. తను పని నేర్పించిన మనుషులంతా చూస్తున్నారు. వాళ్ళలో ఎంతమందిని ప్రసాదం కాదన్నందుకు తిట్టాడో లెక్కలేదు. పిల్లమ్మ కొంగుతో రాణిగారి కన్ను తుడిచి, ఆయన్ని ముందుకు నెట్టింది.

"గౌరవనీయులైన తిమ్మరాయప్ప గారూ, మిమ్ములను మరల దర్శించుట ఆనందదాయకము," అంది డబ్బారాణి. టకటకా మాత్రలు రాలాయి. అన్నిటికంటే పైన నీళ్ళ మాత్ర, తెల్లగా.

"ప్రసాదం," అంది పిల్లమ్మ.

ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి పట్టాడు తిమ్మరాయప్ప. కళ్ళకద్దుకున్నాడు. మింగాడు. దవడలో దాచడానికి ఆ జనంలో ఆయనకు మనసొప్పలేదు.

"ఇంక కొట్టు," అంది పిల్లమ్మ. "అది పని మొదలు పెట్టేలోగా కొట్టల్ల. బిరిన!"

కొత్త కర్పూరం వెలిగింది. తిమ్మరాయప్ప కాయ ఎత్తి నేలకేసి కొట్టాడు. గడప అదిరింది. ముక్కలు వీధిలోకి ఎగిరాయి. సూపర్‌వైజరు కూడా ఈల వేశాడు. ఆ ఈల ఆగకముందే తిమ్మరాయప్ప షాపు వెనకున్న బాత్రూము వైపు నడక మొదలుపెట్టాడు, అవసరం రాలేదు గానీ దారి మరోసారి చూసుకుని రావడానికి.

ఆయన తిరిగొచ్చేసరికి పిల్లమ్మ ఫోనులో చైత్ర అరుస్తోంది. "అమ్మా, ఆఫీసులో అందరి ముందరా ఏడ్చేసినాను నేను! నాయన ఫోనెత్తడు, నువ్వెత్తవు! ఈరోజే స్కూటర్ అమ్మేస్తా!"

"ఎవురి బండి ఎవురమ్మేది?" అంది పిల్లమ్మ. తిమ్మరాయప్ప చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నీకంటే ముందు ఆ బండి మా ఇంటికొచ్చింది. నా మొగుని సంగతి చందాపురకి ఎందుకు చెప్పల్ల ఆ డబ్బా? ఆయన మింగితే నీ ఫోను, మింగకుంటే నీ ఫోను! ఆయనకు మానం లేదా? నీ పేరు తీసెయ్యి. కమలమ్మ పేరూ తీసెయ్యి, ఆయమ్మ మనిషి బతికుండంగానే దినాలు పెట్టేస్తాది. చాడీలు చెప్పేది వద్దే వద్దు."

"అమ్మా, ఎవరో ఒకరు ఉండాలి కదా ఆ లిస్టులో?"

"నా పేరు వేసుకో. అంతే."

చైత్ర కాసేపు గొణిగింది, వాదించింది, చివరికి అక్కడి నుంచే ఫోనులో ఏవో నొక్కింది. తిమ్మరాయప్ప ఆనందానికి హద్దు లేదు. పెళ్ళయిన నాటి నుంచి పిల్లమ్మ తన పక్షాన ఇంత గట్టిగా నిలబడడం ఆయన చూడలేదు. పూజలో పంచిన బొరుగుల పొట్లం జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టి, "పులి మాదిరి మాట్లాడితివే!" అన్నాడు. ఆమె బొరుగులు పుచ్చుకుని, రెండో చెయ్యి చాపింది. తాళం కూడా ఇచ్చేశాడు. ఇలాంటి భార్యకు తాళమేం ఖర్మ, బండే ఇవ్వొచ్చనిపించింది.

మర్నాడు పొద్దున డబ్బారాణి మర్యాదగా పిలిచింది. తిమ్మరాయప్ప మర్యాదగానే వెళ్ళి ముఖం చూపించాడు. ఈసారి ఆయన మనసు తేలిగ్గా ఉంది. చందాపుర పీడ విరగడైంది. మాత్రలు గిన్నెలో రాలాయి. మిగతావి మింగి, నీళ్ళ మాత్రను పాత అలవాటుగా దవడలోకి నెట్టి, ఈల వేసుకుంటూ కిటికీ వైపు నడిచాడు.

"తిమ్మరాయప్ప గారికి మాత్రలు అందినవి. మింగుటను నిర్ధారించవలసినదిగా పిల్లమ్మ గారికి మనవి," అంది డబ్బారాణి.

ఆయన ఈల ఆగిపోయింది. కూతురు చందాపురలో కూర్చుని ఫోనులో చూసేది మాత్ర గిన్నెలో పడిందా లేదా అన్నంతవరకే. గిన్నె దాటి దవడ దాకా చూడాలంటే మనిషి ఇంట్లోనే ఉండాలి. ఆ మనిషిని ఏరికోరి పెట్టినందుకు బొరుగులు పెట్టి మరీ మెచ్చుకున్నది తనే.

పిల్లమ్మ అప్పటికే కిటికీ ముందు, నీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది.

"గౌరవనీయులైన తిమ్మరాయప్ప గారూ," అంది, "నోరు తెరువు."

ఆయన తెరిచాడు.